ఇరవైల్లోనే జుట్టు నెరిసినవారు చేయవలసినవి

చిన్న వయసులో జుట్టు నెరవడాన్ని మన పెద్దలు బాలనెరుపు అంటారు. హనుమకొండ, కాజీపేట హాస్టళ్లలో ఉండి చదువుకునే ఇంటర్ పిల్లల దగ్గరి నుంచి కరీంనగర్‌లో, జగిత్యాలలో కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పాతికేళ్ల వారి దాకా, పాపిట పక్కన మొదటి తెల్ల వెంట్రుక కనబడిన నాటి నుంచి దాదాపు అందరూ ఒకే తీరుగా బాధపడతారు. ముందు దాన్ని పీకేస్తారు, తర్వాత దాచుతారు, ఆపైన ఎవరు ఏ నూనె పేరు చెప్పినా కొంటారు, చివరికి పెండ్లిళ్లకు, పండుగలకు వెళ్లడమే తగ్గించుకుంటారు. ఈ వ్యాసం వారి కోసం, వారి తల్లిదండ్రుల కోసం. నేను చెప్పదలచినది ఒక్కటే. కారణాన్ని ఒక్కసారి, వైద్యుల దగ్గర, సక్రమంగా వెతికించుకోవాలి. ఆ పని పూర్తయ్యాక వెతకడం మానేయాలి. రంగు వేసుకోవాలా వద్దా అన్నది ఎవరి మాటకో భయపడి కాకుండా తమకు ఏది సుఖమో చూసుకుని తేల్చుకోవాలి. మా ఇంట్లో మూడు తరాలుగా బాలనెరుపు ఉన్నది. మా మేనత్తకు, నాకు, ఇప్పుడు మా అన్న కూతురికి వచ్చింది. అందుకే ఇక్కడ రాసిన వాటిలో చాలా భాగం ఇంట్లో చూసినవి, వైద్యులను అడిగి తెలుసుకున్నవి.

తల లోపల జరుగుతున్నది

నెరుపుతో రాజీ పడాలంటే ముందు అది ఎక్కడ పుడుతుందో తెలియాలి, ఎందుకంటే అనవసరపు ఖర్చు, అనవసరపు అపరాధభావం రెండూ అది తెలియకపోవడం వల్లనే వస్తాయి. మనకు కనబడే వెంట్రుక ప్రాణం లేని పోగు. ప్రాణం ఉన్నది చర్మం కింద ఉండే కుదురులో. ఆ కుదురులో మెలనోసైట్లు అనే కణాలు మెలనిన్ అనే రంగు పదార్థాన్ని తయారు చేసి, పెరుగుతున్న పోగులోకి ఎక్కిస్తాయి. ఒక వెంట్రుక రాలి దాని స్థానంలో కొత్తది మొలిచే ప్రతిసారీ, కుదురులోనే నిల్వ ఉండే మూలకణాల నుంచి కొత్త మెలనోసైట్లు పుట్టాలి. ఆ నిల్వ తరిగిపోయినప్పుడు లేదా ఆ కణాలు పని మానినప్పుడు పోగు మామూలుగానే పెరుగుతుంది, కానీ రంగు లేకుండా పెరుగుతుంది. అంటే తెల్ల వెంట్రుక జబ్బుపడిన వెంట్రుక కాదు, బలహీనమైనది కూడా కాదు.

ఇది ఏ వయసులో మొదలవుతుందన్నది ముఖ్యంగా వంశాన్ని బట్టి ఉంటుంది. నెరుపుతో సంబంధం ఉన్న ఐఆర్ఎఫ్4 అనే జన్యువును శాస్త్రవేత్తలు 2016లో గుర్తించారు. అయితే ఈ విషయంలో పాత్ర వహించేది ఆ ఒక్క జన్యువే కాదు. వైద్యులు ఆసియా ప్రజల్లో 25 ఏళ్ల లోపు, ఐరోపా మూలాల వారిలో 20 ఏళ్ల లోపు, ఆఫ్రికా మూలాల వారిలో 30 ఏళ్ల లోపు వచ్చే నెరుపును మాత్రమే అకాలంగా లెక్కిస్తారు. కాబట్టి ఇరవై ఎనిమిదేళ్లకు చెంపల దగ్గర నాలుగు తెల్ల వెంట్రుకలు కనబడి కంగారుపడుతున్న వారికి వైద్యశాస్త్రం దృష్టిలో ఏ తొందరపాటూ జరగలేదు. వారు పరీక్షల భాగాన్ని దాటి, రంగు గురించి రాసిన భాగానికి వెళ్లవచ్చు.

పద్దెనిమిదికో ఇరవైకో వచ్చినవారు మాత్రం ముందు తమ తలను తాము సరిగ్గా చూసుకోవాలి. స్నానాల గదిలోని ట్యూబులైటు కింద చూస్తే నూనె మెరుపు కూడా తెలుపుగానే కనబడుతుంది. ఉదయం పూట కిటికీ దగ్గర, తల ఆరిన తర్వాత, సన్న పళ్ల దువ్వెనతో పాపిటను రెండు మూడు చోట్ల మార్చి తీసి, కుదురు దగ్గర రంగు ఎలా ఉందో చూడాలి. వెనుక వైపు ఇంట్లో ఒకరిని చూడమనాలి. తెల్ల వెంట్రుకలు చెంపల దగ్గర, పాపిట దగ్గర చెదురుమదురుగా ఉంటే అది మామూలు బాలనెరుపు తీరు. ఒకే చోట గుత్తిగా తెల్లబడి, దాని కింది చర్మం కూడా పాలిపోయి ఉంటే అది బొల్లి కావచ్చు. గుండ్రంగా బిళ్లలాగా ఊడి, ఆ చోట తెల్ల నూగు మొలుస్తుంటే అది పేనుకొరుకుడు కావచ్చు. మానుతున్నప్పుడు మొదట తెల్లగా మొలవడం అందులో సాధారణం. ఈ రెండూ వేరే జబ్బులు, వాటికి వేరే చికిత్స ఉన్నది, కాబట్టి అలాంటివి కనబడితే ఈ వ్యాసాన్ని పక్కన పెట్టి చర్మవైద్యులను కలవాలి. కొద్ది నెలల్లోనే తలంతా మారిపోయినవారు కూడా ఆలస్యం చేయకూడదు.

ఒక్కసారి పరీక్ష

వంశంలో ఉన్నా లేకపోయినా, పాతికేళ్ల లోపు నెరిసిన ప్రతి ఒక్కరూ ఒక్కసారి రక్తపరీక్ష చేయించుకోవడం మంచిదని నా అభిప్రాయం. తెల్లబడిన వెంట్రుకలు తిరిగి నల్లబడతాయని కాదు, లోపల వేరే లోపం ఏదైనా ఉంటే ఈ సాకుతో బయటపడుతుందని. వరంగల్ చుట్టుపక్కల వారికి ఎంజీఎం ఆసుపత్రి ఉన్నది; అది 1959లో ఏర్పడిన కాకతీయ వైద్య కళాశాలకు అనుబంధం, చర్మవ్యాధుల విభాగం అందులో ఉన్నది. ఉదయమే వెళ్లి ఓపీ చిట్టీ రాయించుకుంటే మధ్యాహ్నానికల్లా వైద్యులు చూసి పరీక్షలు రాస్తారు. ప్రైవేటు వైద్యుల దగ్గరికి వెళ్లినా అడగవలసినవి అవే.

విటమిన్ బి12, థైరాయిడ్ సంగతి చెప్పే టీఎస్‌హెచ్, రక్తకణాల లెక్కతో పాటు హిమోగ్లోబిన్, శరీరంలో ఇనుము నిల్వను చూపే ఫెరిటిన్, వీలైతే విటమిన్ డి: సాధారణంగా వైద్యులు రాసేవి ఇవి. వీటిలో బి12 గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు ఎక్కువగా పొరపడేది అక్కడే. బి12 పుంటికూరలో, తోటకూరలో, పప్పుల్లో ఉండదు. ఎంత ఆకుకూర తిన్నా దాని ద్వారా రాదు. అది పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసంలో ఉంటుంది, అన్నిటి కంటే ఎక్కువగా కార్జంలో, అంటే కాలేయంలో ఉంటుంది. శాకాహారులైన కుటుంబాల పిల్లలు హాస్టల్లో చేరి, అక్కడ నీళ్ల మజ్జిగ తప్ప పాలు పెరుగు అందక, రెండు మూడేళ్లు గడిపినప్పుడు నిల్వలు తరగడం వింత కాదు. అరికాళ్లలో తిమ్మిర్లు, మాటిమాటికి నోటిపూత, నాలుక ఎర్రబడి మండడం, మెట్లెక్కితే ఆయాసం వంటివి ఉంటే వైద్యులకు తప్పక చెప్పాలి. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతున్నవారిలో, గ్యాస్ గోలీలను ఏళ్ల తరబడి మానకుండా వేసుకునేవారిలో కూడా బి12 తగ్గుతుంది. మందుల దుకాణంలో చిట్టీ లేకుండా దొరుకుతున్నాయని పొద్దున్నే పరగడుపున ఒక గ్యాస్ గోలీ వేసుకునే అలవాటు మన ఊళ్లలో ఎంతగా పాతుకుపోయిందో అందరికీ తెలిసినదే. వైద్యులు ఏ మందులు వాడుతున్నారని అడిగినప్పుడు దాన్ని కూడా మందుగానే లెక్కపెట్టి చెప్పాలి.

థైరాయిడ్ తక్కువగా పనిచేస్తే బరువు పెరగడం, చలికి తట్టుకోలేకపోవడం, చర్మం పొడిబారడం, ఆడపిల్లల్లో నెలసరి తప్పడం వంటివి జుట్టుతో పాటు కనబడతాయి. ఇనుము తక్కువైతే నెరుపు కంటే ముందు జుట్టు రాలడం ఎక్కువవుతుంది. ఒక జాగ్రత్త: జుట్టు కోసమని బయోటిన్ గోలీలు వాడుతున్నవారు ఆ సంగతి రక్తం ఇచ్చే ముందే వైద్యులకు చెప్పాలి. ఎక్కువ మోతాదులో వాడిన బయోటిన్ థైరాయిడ్ పరీక్ష ఫలితాన్ని తప్పుగా చూపగలదు.

ఫలితం రెండు రకాలుగా రావచ్చు. లోపం బయటపడితే వైద్యులు చెప్పినంత కాలం గోలీలో, ఇంజక్షన్లో వాడాలి. అలాంటి వారిలో కొందరికి కొత్తగా మొలిచే వెంట్రుకలు నల్లగా రావచ్చు, కొందరికి రాకపోవచ్చు. జుట్టు మారకపోయినా ఆ మందు మానకూడదు, ఎందుకంటే బి12 లోపాన్ని వదిలేస్తే దెబ్బతినేది నరాలు. రెండో రకం, అన్నీ సరిగ్గా ఉండడం. చాలామందికి వచ్చేది ఇదే. విచిత్రం ఏమంటే, రిపోర్టులో ఏ లోపమూ లేదని తెలిసినప్పుడు కొందరు ఇంకా దిగులుపడతారు, పూడ్చడానికి ఒక లోపమైనా దొరకలేదే అని. నిజానికి అది మీ శరీరం బాగున్నదని చెప్పే కాగితం. అది చేతికి వచ్చిన రోజుతో కారణాల వెతుకులాటకు తెర దించాలి. పొగతాగే అలవాటు ఉంటే మాత్రం మానాలి. బీడీ, సిగరెట్‌లకు తొందరగా నెరవడానికి సంబంధం ఉన్నట్టు పరిశోధనలు చూపాయి.

పదిమంది చెప్పేవి

ఒకటి పీకితే పది వస్తాయన్న మాట నిజం కాదు, ఒక కుదురులో జరిగేది పక్క కుదురుకు తెలియదు. అయినా పీకకూడదు. అదే పనిగా పీకితే కుదురు దెబ్బతిని ఆ చోట వెంట్రుక పలచబడుతుంది, లేదా కుదురు వాచి పుండవుతుంది. కళ్లకు అడ్డంగా కనబడే ఒక్క వెంట్రుకను చిన్న కత్తెరతో మొదలు దగ్గర కత్తిరించుకోవచ్చు.

కల్యెమాకు నూనె, ఉసిరి నూనె, గుంటగలగరాకు నూనె రాసుకోవడం వల్ల జుట్టుకు మెరుపు వస్తుంది, చిక్కు తగ్గుతుంది, అమ్మ చేత తల అంటించుకున్న సుఖం ఉంటుంది. వీటన్నిటి కోసం నిరభ్యంతరంగా రాసుకోవచ్చు. తెలుపు నలుపవుతుందని మాత్రం ఎదురుచూడకూడదు, ఎందుకంటే పైన చెప్పినట్టు పోగులో ప్రాణం లేదు, నూనె దానికి కొత్త మెలనిన్‌ను పుట్టించలేదు. రాసిన పదిహేను రోజులకే జుట్టును నిజంగా నల్లబరిచే నూనె ఏదైనా ఉంటే అందులో రంగు కలిసి ఉందని అనుమానించాలి.

హాస్టల్ బోరు నీళ్ల వల్లే తెల్లబడిందని చాలామంది గట్టిగా నమ్ముతారు. ఉప్పునీళ్లతో జుట్టు బిరుసెక్కడం, నురగ రాకపోవడం నిజమే, కానీ రంగు తయారయ్యేది చర్మం కింద, ఆ నీళ్లు అక్కడి దాకా వెళ్లవు. వేములవాడ రాజన్నకు తలనీలాలు ఇవ్వడం భక్తికి సంబంధించిన విషయం, దాన్ని గౌరవించాలి. గుండు చేయించుకుంటే ఈసారి నల్లగా మొలుస్తాయన్న ఆశతో మాత్రం ఎవరూ మొక్కుకోకూడదు. మంగలికత్తి తాకేది పోగుకే, కుదురు యథాతథంగా ఉంటుంది.

ఇక రంది, అంటే దిగులు గురించి. మన వైపు తల నెరిసిన ప్రతి యువకుడినీ, యువతినీ ఏం రంది పెట్టుకున్నావని అడుగుతారు. ఈ మాటలో కొంత నిజం ఉన్నది. హార్వర్డ్ పరిశోధకులు 2020లో ఎలుకల్లో చూపినది ఏమంటే, తీవ్రమైన ఒత్తిడి కలిగినప్పుడు నరాల నుంచి విడుదలయ్యే నారడ్రినలిన్ అనే రసాయనం కుదుళ్లలోని రంగు మూలకణాలను ఖర్చు చేసేస్తుంది. 2021లో కొలంబియా విశ్వవిద్యాలయం వారు మనుషుల వెంట్రుకలను పొడవునా పరిశీలించి, ఒత్తిడి తగ్గిన కాలంలో కొన్ని వెంట్రుకలు తిరిగి రంగు తెచ్చుకోవడాన్ని గమనించారు. అయితే అవి కొన్ని వెంట్రుకలే, తలంతా కాదు. ఈ పరిశోధనలను చదివి, నా మనోదౌర్బల్యం వల్లనే నాకు ఇలా అయిందని ఎవరూ తమను తాము నిందించుకోకూడదు. నీట్ పరీక్ష రాసిన వేల మంది ఒకే ఒత్తిడి పడ్డారు, వారందరి జుట్టూ తెల్లబడలేదు.

రంగు వేసుకోవాలనుకుంటే

రంగు వేసుకోవడం పిరికితనం కాదు, వేసుకోకపోవడం వీరత్వమూ కాదు. రెండూ మర్యాదైన దారులే. ఏది ఎంచుకున్నా దాని నిర్వహణ ముందే తెలుసుకోవాలి.

తలవెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. అంటే ఈ రోజు రంగు వేసుకుంటే మూడో వారానికి పాపిటలో సన్నని తెల్ల గీత కనబడుతుంది, నాలుగు నుంచి ఆరు వారాలకు మళ్లీ వేసుకోక తప్పదు. ఇరవై ఏళ్లకు మొదలుపెట్టేవారు ఈ లెక్కను ఎన్నో ఏళ్లకు వేసుకుని చూడాలి. ఖర్చు కంటే ముఖ్యమైనది పీపీడీ అనే రసాయనం. నల్లగా, నిలకడగా ఉండే రంగుల్లో ఎక్కువ భాగం దానితోనే తయారవుతాయి. అమ్మోనియా లేదని డబ్బా మీద రాసి ఉన్నంత మాత్రాన పీపీడీ లేదని అర్థం కాదు. నల్ల మెహందీ పేరుతో అమ్మే పొట్లాల్లో కూడా అది ఉంటుంది. అసలైన మైదాకు ఎప్పుడూ నలుపు పండదు, కనుక ఆ పేరే అనుమానించదగినది. జాతరల్లో చేతి మీద వేసే నల్లని తాత్కాలిక పచ్చబొట్లలోనూ అది కలిసి ఉండవచ్చు, దాని వల్ల ఒకసారి చర్మానికి అలర్జీ ఏర్పడితే ఆ తర్వాత జీవితాంతం పీపీడీ ఉన్న జుట్టు రంగు కూడా పడదు.

అందుకే ప్రతిసారీ, పోయినసారి ఏమీ కాలేదన్న ధైర్యంతో వదిలేయకుండా, ముందుగా పరీక్షించుకోవాలి. వాడబోయే రంగును చెప్పిన పాళ్లలో కొద్దిగా కలిపి, చెవి వెనుక గాని మోచేతి లోపలి మడతలో గాని రూపాయి బిళ్లంత మేర రాసి, 48 గంటలు చూడాలి. దురద, ఎరుపు, పొక్కులు ఏవి వచ్చినా ఆ రంగు పనికిరాదు. పెండ్లి రేపనగా ఈ రోజు సాయంత్రం కొత్త డబ్బా విప్పడం అన్నిటికంటే ప్రమాదం, మరునాటికి కనురెప్పలు వాచి కళ్లు తెరుచుకోని స్థితి రావచ్చు. అలా వాచినా, ఊపిరి ఇబ్బంది అయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కనుబొమ్మలకు, కనురెప్పలకు ఈ రంగులు వేయనే వేయకూడదు. చిన్నపిల్లలున్న ఇంట్లో పొట్లాలను తాళం వేసి దాచాలి: పొరపాటున మింగితే నాలుక, గొంతు వాచి ఊపిరి ఆగుతుంది, ఆపైన కండరాలు, మూత్రపిండాలు దెబ్బతింటాయి.

రసాయనం వద్దనుకునేవారికి మైదాకు ఉన్నది. తెల్ల వెంట్రుకల మీద అది నారింజ రంగులో పండుతుంది, నల్ల వెంట్రుకల మీద కొద్ది ఎరుపు ఛాయే ఇస్తుంది. పది తెల్ల వెంట్రుకలు ఉన్నవారికి ఇది అందంగానే ఉంటుంది; సగం తల నెరిసినవారికి అంతా ఎర్రగా కనబడుతుంది. అప్పుడు దాని మీద ఇండిగో పొడి, అంటే నీలి మొక్క ఆకుల పొడి, వేయాలి. పద్ధతి ఇది. ఏమీ కలపని మైదాకు పొడిని గోరువెచ్చని నీళ్లతో రాత్రి కలిపి ఉంచి, ఉదయం తలకు పట్టించి రెండు మూడు గంటలు ఉంచి, షాంపూ లేకుండా నీళ్లతో కడగాలి. ఆ తర్వాత ఇండిగో పొడిని అప్పటికప్పుడు కలిపి, పది పదిహేను నిమిషాలు నానగానే, పైన నీలి ఛాయ తేలుతున్నప్పుడే పట్టించి, గంట నుంచి గంటన్నర ఉంచి కడగాలి. దీన్ని కలిపి నిల్వ ఉంచకూడదు, రంగు పోతుంది. కడిగిన వెంటనే పచ్చగా, వింతగా కనబడితే భయపడవద్దు. ఒకటి రెండు రోజుల్లో గాలి తగిలి ముదురు గోధుమ, నలుపు మధ్య రంగుకు వస్తుంది. కాబట్టి సద్దుల బతుకమ్మ కోసమైతే మూడు రోజుల ముందే చేసుకోవాలి. తల తడిసి ఉండేది సగం రోజు కనుక జలుబు చేసే శరీరం ఉన్నవారు చలికాలంలో ఎండ వచ్చాక మొదలుపెట్టాలి. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న పసిపిల్లలకు చర్మం మీద పెట్టే మైదాకు ప్రమాదకరం, రక్తకణాలు విరిగిపోతాయి. ఇంట్లో అందరికీ పెడుతూ పసివాళ్లకు కూడా పెట్టే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

వేసుకోవద్దనుకుంటే

మొదటి నుంచీ వేసుకోనివారికి పెద్దగా చేయవలసింది లేదు. ఇబ్బందంతా కొన్నాళ్లు వేసుకుని మానేవారిది. పాత నలుపుకు, కొత్త తెలుపుకు మధ్య గీటు గీసినట్టు ఒక హద్దు ఏర్పడుతుంది, ఆ హద్దు కిందికి దిగే కాలమే కష్టమైన కాలం. పొట్టిగా కత్తిరించుకునే మగవారికి అది మూడు నాలుగు నెలల్లో పోతుంది. భుజాల దాకా జుట్టున్న ఆడవారికి, నెలకు ఒక సెంటీమీటరు లెక్కన, రెండేళ్లు పైనే పడుతుంది. అంత ఓపిక లేనివారు కొంత కొంతగా కత్తిరిస్తూ పోవచ్చు, లేదా పార్లర్‌లో మిగతా నలుపును పాయలు పాయలుగా లేత చేయించుకుని హద్దును చెరిపేయవచ్చు. జడ వేసుకునేవారు పాపిటను నిటారుగా కాక పక్కకు, వంకరగా తీస్తే హద్దు అంతగా కనబడదు. పరీక్షలు, పెండ్లిళ్లు లేని కాలంలో మొదలుపెట్టడం మేలు.

తెల్ల వెంట్రుక కొంచెం బిరుసుగా, పొడిగా ఉంటుంది. ఎండకు, పొగకు పసుపు ఛాయకు తిరుగుతుంది. మే నెలలో వరంగల్ ఎండలో బండి మీద తిరిగేవారు హెల్మెట్ కింద నూలు దస్తీ కట్టుకోవాలి, తలస్నానం తర్వాత కొద్దిగా కొబ్బరి నూనె చాలు. అన్నిటికంటే తేడా చూపేది కత్తిరింపు. నెరిసిన తల చెదిరి ఉంటే పట్టించుకోనట్టు కనబడుతుంది, చక్కగా కత్తిరించి ఉంటే కావాలని అలా ఉంచుకున్నట్టు కనబడుతుంది. సెలూన్‌లో కూర్చోగానే తువ్వాల కప్పుతూ, "అన్నా, కలర్ ఎయ్యాల్నా?" అని అడుగుతారు, అది వారి వృత్తి. "వద్దు, గిట్లనే ఉంచి చెవుల దగ్గర సాఫ్ జెయ్యి" అని మొదటి రెండు సార్లు చెబితే మూడోసారి అడగరు.

మనుషుల మధ్య

జుట్టు సంగతి నెలకొకసారి, మనుషుల మాటలు రోజూ. అందుకే జవాబులను ముందే అనుకుని పెట్టుకోవాలని గట్టిగా చెబుతాను. జవాబు పొట్టిగా ఉండాలి, నిజంగా ఉండాలి, చివర మాట మార్చేదిగా ఉండాలి. మా అన్న కూతురు దావత్‌లలో వాడే జవాబును ఇక్కడ ఇస్తున్నాను. బంతిలో పక్కన కూర్చున్న పెద్దమ్మ ఆమె తల మీద చెయ్యి పెట్టి, "ఏందే బిడ్డా, గిప్పుడే నెత్తి గింత తెల్లగైంది, ఏం రంది వెట్టుకున్నవే?" అని అడుగుతుంది. ఆ అమ్మాయి చెయ్యి తోసేయదు, తల దించుకోదు. "రంది ఏం లేదు పెద్దమ్మా, మా ఇంట్ల అందరికి గీ ఈడుకే అయితయ్. డాక్టర్‌కు సూపెట్టుకున్న, అంత మంచిగనే ఉన్నదన్నరు. నీ మోకాళ్ల నొప్పి ఎట్లున్నది?" అంటుంది. ఆ తర్వాత మాటలన్నీ మోకాళ్ల మీదకు పోతాయి. గమనించండి, అందులో క్షమాపణ లేదు, కోపం లేదు, పరీక్షల వివరం లేదు. అడిగేవారిలో చాలామంది ప్రేమతోనే అడుగుతారు, కానీ ప్రేమతో అడిగిన ప్రశ్నకు కూడా ప్రతిసారీ పూర్తి సంజాయిషీ ఇవ్వనవసరం లేదు.

తోటివారు తాతా అని, ముసలోడా అని పిలిచే వేళాకోళం వేరు. ఒకరిద్దరు స్నేహితులైతే ఒంటరిగా పిలిచి, నాకు బాధగా ఉంది, అలా పిలవవద్దని సూటిగా చెప్పాలి. నలుగురిలో నవ్వి ఊరుకుంటే అది పేరుగా స్థిరపడుతుంది. పాఠశాల పిల్లల విషయంలో తల్లిదండ్రులే తరగతి ఉపాధ్యాయులతో మాట్లాడాలి.

తల్లిదండ్రులతో ఇంకో మాట. పన్నెండేళ్ల బిడ్డ తల నెరిసిందని వచ్చినవారందరి ముందు జుట్టు విప్పి చూపి సలహాలు అడగడం వెంటనే మానాలి. ఆ బిడ్డకు అర్థమయ్యేది సలహా కాదు, తనలో ఏదో దాచవలసినది ఉందని. పిల్లల తలకు రసాయన రంగులు వేయకూడదు. తల్లులు తామే సరిగ్గా తిండి పెట్టలేదని కుమిలిపోతుంటారు. రిపోర్టులు అన్నీ బాగున్నప్పుడు వాటిని తల్లికి చదివి వినిపించమని వైద్యులనే అడగండి, ఇంట్లో ఎవరు చెప్పినా నమ్మని మాటను తెల్లకోటు వేసుకున్నవారు చెబితే నమ్ముతారు.

పెండ్లి సంబంధాల దగ్గర చాలామంది తడబడతారు. నా సలహా స్పష్టం: ఫొటో ఇప్పటిదే పంపాలి, రంగు వేసుకునేవారైతే ఆ మాట మధ్యవర్తితో ముందే చెప్పించాలి. పెండ్లయిన నెలకే పాపిటలో తెల్ల గీత కనబడుతుంది, దాచేది నెల రోజుల మాటే. ముందే చెబితే వెనక్కి పోయే సంబంధాలు కొన్ని ఉంటాయి, నిజమే, ఆ బాధ చిన్నది కాదు. కానీ చూడడానికి వచ్చిన ఇంటి ముందు గదిలో, అందరి కళ్లూ నుదుటి మీదే ఉన్నాయేమో అన్న భయం లేకుండా కూర్చుని, ఎదుటి మనిషి ఏం మాట్లాడుతున్నారో వినగలగడం ఎంత మేలో ఆ పరిస్థితిలో ఉన్నవారికి తెలుస్తుంది. ఇంటర్వ్యూలకు ఇంత ఆలోచన అక్కరలేదు, శుభ్రమైన కత్తిరింపు చాలు.

ఇవన్నీ చేసినా బాధ తగ్గక, కాలేజీ మానేయడం, గది దాటి రాకపోవడం, నిద్ర పట్టకపోవడం, అద్దం ముందు గంటల తరబడి వెంట్రుకలు వెతకడం వంటివి వారాల తరబడి సాగుతుంటే అప్పుడు సమస్య జుట్టు దగ్గర ఆగలేదన్న మాట. కేంద్ర ప్రభుత్వం మానసిక ఆరోగ్య సలహాల కోసం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడే సలహాదారులు ఉచితంగా వింటారు. జుట్టు గురించి ఇంత చిన్న విషయానికి ఫోన్ చేయాలా అని సంకోచించవద్దు.

రంగు విషయంలో తీసుకున్న నిర్ణయాన్ని ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఇరవై రెండేళ్లకు వేసుకుని ముప్పైకి మానేవారున్నారు, అక్క పెండ్లికి ఒక్కసారి వేసుకుని మళ్లీ వదిలేసేవారున్నారు. పరీక్షలను మాత్రం ఏటేటా తిరగతోడకూడదు. మాంసం, గుడ్లు మానేసినప్పుడు, దీర్ఘకాలపు మందులు కొత్తగా మొదలైనప్పుడు, నీరసం, తిమ్మిర్లు కనబడినప్పుడు చేయించుకుంటే చాలు. ఆ రిపోర్టుల ఫైలులో ఒక కాగితం మీద మీ ఇంట్లో ఎవరెవరికి ఏ వయసులో నెరుపు మొదలైందో, ఎవరికి థైరాయిడ్ ఉందో, ఎవరికి బొల్లి ఉందో పెద్దవాళ్లను అడిగి రాసి పెట్టండి. తర్వాత తరంలో పదిహేనేళ్ల పిల్లకో పిల్లవాడికో తెల్ల వెంట్రుక కనబడి ఆసుపత్రికి తీసుకువెళ్తే వైద్యులు అడిగే మొదటి ప్రశ్నలు అవే.